టెక్ సందేహాలు: కవిత కన్నా కళావతి ముందెందుకు?

ప్రశ్న: మా కాలనీ సంఘం సభ్యుల పేర్లను పైథాన్‌తో అక్షరక్రమంలో పెడితే కల్పన, కళావతి, కవిత అని వస్తోంది. 'కిరణ్' అనే పేరేమో రెండు చోట్ల ఉంది, మధ్యలో కిరణ్మయి! తప్పెక్కడ?

జవాబు: ఇవి రెండు వేర్వేరు తప్పులు. పైథాన్ 'సార్టెడ్' ఫంక్షన్‌కు వర్ణమాల తెలియదు, ప్రతి అక్షరానికీ యూనికోడ్ పట్టిక ఇచ్చిన నంబర్లనే పోలుస్తుంది. ఆ పట్టికలో ల 3122, ళ 3123, వ 3125. మన వర్ణమాలలో ళ వచ్చేది హ తర్వాత. అందుకే కళావతి ముందుకొచ్చింది. భాషల అక్షరక్రమాలు తెలిసిన ఐసీయూ లైబ్రరీని పైథాన్‌కు అందించే పైఐసీయూ ప్యాకేజీ వేసుకుని, తెలుగు లొకేల్‌తో కొలేటర్ (పేర్లను వరుసలో పెట్టే సాధనం) తయారు చేసి, దాని 'గెట్‌సార్ట్‌కీ'ని సార్టెడ్‌కు కీగా ఇవ్వండి. కోడ్ రాయని వాళ్లు లిబ్రేఆఫీస్ కాల్క్‌లో డేటా మెనూ, సార్ట్, ఆప్షన్స్‌లోకి వెళ్లి భాషగా తెలుగు ఎంచుకుంటే చాలు. 'క్ష'తో మొదలయ్యే పేర్లు మాత్రం క కిందే వస్తాయి. కంప్యూటర్‌కు అది క, పొల్లు, ష. నిఘంటువుల్లోనూ అంతే కాబట్టి దాన్ని మార్చకండి.

ఇక కిరణ్. పొల్లుతో ముగిసే పేర్ల చివర కొన్ని కీబోర్డులు కంటికి కనిపించని, అక్షరాలు కలిసిపోకుండా ఆపే గుర్తు జీరో విడ్త్ నాన్ జాయినర్‌ను చేరుస్తాయి. దాని నంబరు 8204, అంటే తెలుగు అక్షరాలన్నిటికన్నా పెద్దది. అందుకే అది ఉన్న కిరణ్ కిరణ్మయి తర్వాతకు పోయింది. ఐసీయూ వరుస పెట్టేటప్పుడు ఈ గుర్తును లెక్కలోకి తీసుకోదు కాబట్టి ఇద్దరు కిరణ్‌లూ పక్కపక్కకు వస్తారు. అయితే డూప్లికేట్లు తీసేసే ఆప్షన్ వాటిని వేర్వేరు పేర్లుగానే చూడొచ్చు. ఎక్సెల్‌లో పక్కన ఇంకో కాలమ్ పెట్టి, సబ్‌స్టిట్యూట్ ఫంక్షన్‌తో యూనికార్ 8204ను ఏమీ లేని ఖాళీ కోట్స్ ("")తో మార్చి, ఆ కాలమ్‌లో పోల్చండి. అసలు కాలమ్‌లో మాత్రం దాన్ని తీసేయొద్దు. 'సాఫ్ట్‌వేర్' లాంటి మాటల్లో ఒత్తులు పేరుకుపోకుండా ఆపేది అదే.

ప్రశ్న: మా యాప్‌లో జర్మన్, స్వీడిష్, తెలుగు పేర్లు ఒకే కాలమ్‌లో ఉంటాయి. ఏ క్రమం సరైనది?

జవాబు: చదివేవారి భాష క్రమం. రెండు చుక్కల 'ఓ'ను జర్మన్ నిఘంటువు మామూలు 'ఓ'తో కలుపుతుంది, స్వీడిష్‌లో అది 'జడ్' తర్వాత వచ్చే చివరి అక్షరం. కాబట్టి కొలేషన్‌ను (అక్షరక్రమ నియమాన్ని) కాలమ్‌కు కట్టేయకుండా, వాడుకరి ఎంచుకున్న భాషను బట్టి క్వెరీలో (డేటాబేస్‌ను అడిగే ప్రశ్నలో) ఇవ్వండి. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో 10వ వెర్షన్ నుంచి ఐసీయూ కొలేషన్లు ఉన్నాయి.

ఆపరేటింగ్ సిస్టమ్ కొలేషన్ మీద ఆధారపడితే అప్‌గ్రేడ్ ముందు జాగ్రత్తపడండి. లినక్స్‌లో వాడే మూల లైబ్రరీ జీలిబ్‌సీలో 2018లో వచ్చిన 2.28 వెర్షన్ అక్షరక్రమాన్ని మార్చింది. డెబియన్ లినక్స్ 9 నుంచి, ఈ మార్పు ఉన్న 10కి మారినప్పుడు డేటాబేస్‌లోని పాత ఇండెక్స్ (త్వరగా వెతకడానికి ఉంచే సూచిక) పాత క్రమంలోనే ఉండిపోతుంది. అప్పుడు ఉన్న పేరే వెతికితే దొరకదు, ఒకే విలువ రెండుసార్లు రాకూడని యూనిక్ కాలమ్‌లోకి డూప్లికేట్లు చొరబడతాయి. టెక్స్ట్ ఇండెక్స్‌లన్నిటికీ రీఇండెక్స్ చేశాకే యాప్‌ను మళ్లీ తెరవండి.