లిఫ్టు తీర్మానాన్ని బలపరిచినవాడి జవాబు

ఓటు హక్కు చేతిలో ఉన్న జనం నియంతను ఎలా రానిస్తారు, వాళ్లే కోరి తెచ్చుకుంటారా అని అడిగారు. జర్మనీ సంగతి చెబుతాను గానీ, అంతకంటే ముందు నా నిర్వాకం ఒకటి చెప్పుకోవాలి.

మా అపార్ట్‌మెంట్ సంఘానికి నేను కార్యదర్శిగా ఉన్న రోజుల్లో లిఫ్టు ఐదు నెలలు ఆగిపోయింది. కొత్తది పెట్టించాలని ఒక వర్గం, మరమ్మతు చాలని ఇంకో వర్గం, కింది అంతస్తులో ఉండే మేమెందుకు డబ్బు కట్టాలని మూడో వర్గం. ఏడు సమావేశాలు జరిగాయి. ఏడింటికీ మినిట్స్ పుస్తకంలో నేను రాసింది ఒకటే వాక్యం: 'చర్చ అనంతరం వచ్చే సమావేశానికి వాయిదా.' ఎనిమిదో సమావేశంలో ఒకాయన లేచి, తనను అధ్యక్షుణ్ణి చేసి ఆరు నెలల పాటు అధికారాలన్నీ అప్పగిస్తే లిఫ్టు సంగతి తాను చూసుకుంటానన్నాడు. ఆ తీర్మానాన్ని బలపరిచింది నేనే. మోకాళ్ల నొప్పులతో నాలుగు అంతస్తులు ఎక్కేవాడికి నియమావళి మీద ఎంత ప్రేమ ఉంటుందో మీరే ఊహించుకోండి. రిటైరైన హెడ్మాస్టరు ఒకరు మాత్రం "లెక్కలు ఎవరికి చూపిస్తారు?" అని అడిగారు. అందరం నవ్వాం.

పది రోజుల్లో లిఫ్టు నడిచింది. ఈ మాట దాచకూడదు. అలాంటివాళ్లు మొదట్లో ఏదో ఒక పని నిజంగానే చేసి చూపిస్తారు. ఆరు నెలలు గడిచాక లెక్కలు అడిగితే "లిఫ్టు ఎక్కుతున్నారా, లేదా?" అన్నదే జవాబు. తీర్మానం తీసి చూశాను. గడువు రాసి ఉంది. గడువు తీరాక సమావేశం పిలవాల్సింది ఎవరా అని చూస్తే, ఆ అధికారం కూడా ఆయనకే రాసిచ్చి ఉంది, నా దస్తూరీతోనే. ఆయన్ను దించడానికి ఏడాదిన్నర పట్టింది.

అపార్ట్‌మెంటుకూ దేశానికీ పోలికేమిటి అంటారేమో. నిజమే, మా దగ్గర ఎవరూ జైలుకు పోలేదు. కానీ ఆ తర్వాతే నేను 1930ల జర్మనీ గురించి చదవడం మొదలుపెట్టాను. తీరా చదివితే అడుగడుగునా నా మినిట్స్ పుస్తకమే కనిపించింది.

హిట్లర్ ప్రసంగాలకు జనం మైమరచిపోయారన్నది సగం కథే. 1928 నాటికే ఆయన పేరున్న వక్త. ఆ ఏడాది నాజీలకు వచ్చిన ఓట్లు 2.6 శాతం. తర్వాత ఆర్థిక మాంద్యం వచ్చింది. నా దృష్టిలో అంతకంటే ముఖ్యమైనది పార్లమెంటు చేతులెత్తేయడం. 1930 మార్చిలో నిరుద్యోగ బీమా చందా ఎంత పెంచాలన్న తగవు మీద సంకీర్ణ ప్రభుత్వం కూలిపోయింది. ఆ తర్వాత మెజారిటీ లేని ఛాన్సలర్లు (మన లెక్కలో ప్రధానమంత్రులు) రాజ్యాంగంలో అత్యవసర అధికారాలిచ్చే 48వ అధికరణాన్ని పట్టుకుని, అధ్యక్షుడు హిండెన్‌బర్గ్ సంతకంతో ఆర్డినెన్సుల మీద పాలన సాగించారు. 1932లో పార్లమెంటు చేసిన చట్టాలు ఐదంటే ఐదు. సభ లేకుండానే ప్రభుత్వం నడవడం హిట్లర్ రాకముందే జనానికి అలవాటైపోయింది.

నిరుద్యోగులు దాదాపు 60 లక్షలున్న 1932లో, జులై ఎన్నికల్లో నాజీలకు 37.3 శాతం ఓట్లు పడ్డాయి. నవంబరుకు అవి 33.1కి జారాయి. స్వేచ్ఛగా జరిగిన ఏ ఎన్నికలోనూ సగం మంది హిట్లర్‌ను కోరుకోలేదు. ఓట్లు తగ్గుతున్న మనిషిని పిలిచి కుర్చీ వేసింది మాజీ ఛాన్సలర్ ఫాన్ పాపెన్, ఆయన చుట్టూ ఉన్న పెద్దమనుషులు. 1933 జనవరి 30న ఏర్పడిన మంత్రివర్గంలో నాజీలు హిట్లర్‌తో కలిపి ముగ్గురే. వైస్ ఛాన్సలర్, అంటే ఉపప్రధాని లాంటి పదవి పాపెన్‌ది. రెండు నెలల్లో ఇతణ్ణి మూలకు నెట్టేస్తామని ఆయన ధీమా. అయితే ఆ ముగ్గురిలో ఫ్రిక్‌కు దేశ హోంశాఖ, గోరింగ్‌కు అతి పెద్ద రాష్ట్రమైన ప్రష్యా పోలీసులు దక్కారు. ఆ రాష్ట్ర ప్రభుత్వాన్ని అంతకు ఆరు నెలల ముందు ఆర్డినెన్సుతో పడగొట్టి, దారి సుగమం చేసి పెట్టిందీ పాపెనే.

ఫిబ్రవరి 27 రాత్రి పార్లమెంటు భవనం తగలబడింది. మర్నాడే వాక్ స్వాతంత్ర్యం, సభలు జరుపుకునే హక్కు రద్దయ్యాయి. ఇక మార్చి 23. నేను పదే పదే చదివేది ఆ రోజు గురించే. పార్లమెంటుతో పని లేకుండా, రాజ్యాంగాన్ని దాటి కూడా, మంత్రివర్గమే చట్టాలు చేసుకునేందుకు ఒక బిల్లు. క్రోల్ ఒపెరా భవనంలో సభ, లోపలా బయటా నాజీ దళాల కాపలా. కమ్యూనిస్టు సభ్యులు ఒక్కరూ రాలేదు, అప్పటికే కొందరు అరెస్టయ్యారు, మిగిలినవారు తప్పించుకు తిరుగుతున్నారు. మూడింట రెండు వంతుల మెజారిటీ కావాలి కాబట్టి క్యాథలిక్కుల సెంటర్ పార్టీ ఓట్లు కీలకం. హిట్లర్ తన హామీలు రాతపూర్వకంగా ఇవ్వాలని ఆ పార్టీ నాయకుడు కాస్ అడిగాడు. ఉత్తరం వస్తోందన్నారు. రాలేదు. అయినా ఓటు వేశారు. అనుకూలం 444, వ్యతిరేకం 94. ఆ 94 మందీ సోషల్ డెమొక్రాట్లే.

ఆ చట్టానికి కూడా గడువుంది, నాలుగేళ్లు. 1937లో అది తీరింది. పొడిగించిన సభలో అప్పటికి ఉన్నది ఒకే ఒక్క పార్టీ. అది చదివిన రోజు నా దస్తూరీ గుర్తొచ్చి పుస్తకం మూసేశాను.

ఇంతకీ పాపెన్ ఏమయ్యాడంటారా? 1934 జూన్‌లో మార్‌బుర్గ్ విశ్వవిద్యాలయంలో ధైర్యం చేసి ప్రభుత్వ పోకడను విమర్శిస్తూ మాట్లాడాడు. రెండు వారాలు గడిచేసరికి, ఆ ప్రసంగం రాసిచ్చిన ఆయన సహాయకుణ్ణి కాల్చి చంపారు, పాపెన్‌ను ఇంట్లోంచి కదలనివ్వకుండా నిర్బంధించారు. వైస్ ఛాన్సలర్ పదవి అప్పటికింకా ఆయనదే.