పడవ వేగం కొలవాలంటే

చిరంజీవి చిన్నాకి, మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటో చూశాను. ఫోన్ జీపీఎస్‌లో 8 నాట్లు, అంటే గంటకు 8 సముద్ర మైళ్ళు, నీ ముఖం వెలిగిపోతోంది. సంతోషమేరా. కానీ నీ పడవ నీటిగీత దగ్గర 19 అడుగులేగా? 19కి వర్గమూలం తీసి 1.34తో గుణిస్తే 5.8 నాట్లు వస్తుంది. అడుగున బరువున్న ఆ రకం పడవ తాను లేపిన అలను తానే ఎక్కి దాటలేదు, మామూలుగా ఆ వేగం దగ్గరే ఆగిపోతుంది. మిగతా రెండు నాట్లు శాన్‌ఫ్రాన్సిస్కో గోల్డెన్ గేట్ వంతెన కింద ఆటు నీరు ఇచ్చినవి. ఆటు బలంగా ఉన్న రోజు అక్కడ నీరే 4 నాట్లు దాటి పరుగెడుతుంది.

జీపీఎస్ తప్పు చెప్పలేదు. అది నేల లెక్క, అంటే కదలని నేలతో పోలిస్తే పడవ వేగం. రేవుకు ఎన్నింటికి చేరతావో తెలియాలంటే అదే చూడాలి. తెరచాప సరిగ్గా బిగించావో లేదో తెలియాలంటే మాత్రం నీటి లెక్క కావాలి, అంటే చుట్టూ ఉన్న నీటితో పోలిస్తే వేగం. ఈ రెండూ కలిపేసుకుంటే ప్రమాదం. ఒకసారి నవంబరులో భీమిలి నుంచి విశాఖకు వస్తూ, లాగ్ (నీటిలో పడవ వేగం చూపే పరికరం) చూపించిన 4 నాట్లనే నమ్మి చీకట్లో టైము లెక్కేసుకున్నాను. డాల్ఫిన్స్ నోస్ కొండ మీది లైటు అనుకున్నదానికంటే చాలా ముందే మీదికి వచ్చేసింది. ఆ నెలల్లో మన తీరం వెంట నీరు దక్షిణానికి పారుతుంది, దాన్ని నేను లెక్కలో వేయలేదు. ఆ కొండ నల్లగా ఎదురుగా నిలబడటం ఇప్పటికీ కళ్ళకు కడుతుంది.

కాబట్టి ముందు ఒక కమలాపండు కొను. నిజంగానే చెబుతున్నాను. పడవ అంచు మీద ముందొకటి, వెనకొకటి రంగు టేపు అంటించు, మధ్య దూరం కచ్చితంగా 6 మీటర్లు ఉండాలి. ముందు కూర్చున్నవాళ్ళు తొక్క ముక్కను పడవ ముక్కుకు కాస్త ముందుగా నీళ్ళలోకి విసరాలి. మొదటి టేపు దగ్గరకు రాగానే 'ఆఁ' అనాలి, నువ్వు స్టాప్‌వాచ్ నొక్కాలి. రెండో టేపు దాటగానే ఆపు. 11.7ని ఆ సెకన్లతో భాగిస్తే నాట్లు వచ్చేస్తాయి: 4 సెకన్లయితే 2.9, 3 అయితే 3.9, 2 అయితే 5.8. అర సెకను తేడాకే నాటు దాకా మారిపోతుంది, అందుకే నాలుగైదు ముక్కలు వేసి సగటు తీసుకో. బ్యాటరీ అయిపోయినా ఈ పద్ధతి పనిచేస్తుంది.

పడవ అడుగున తిరిగే చిన్న చక్రం లాగ్ కొనుక్కోవచ్చు, మంచిదే. కానీ ఉప్పునీళ్ళలో దానికి నాచు, బార్నకిల్స్ పట్టేస్తాయి. చక్రం బరువెక్కి తక్కువ చూపిస్తుంది, లేదా అసలు తిరగదు. శుభ్రం చేయడానికి బయటికి లాగితే ఆ రంధ్రంలోంచి నీళ్ళు చిమ్ముతాయి, బిరడా చేతిలో పట్టుకునే లాగు. మొదటిసారి రేవులో కట్టేసి ఉన్నప్పుడే చెయ్యి.

లాగ్ బిగించాక సరిచూసుకోవాలి. నీటి ప్రవాహం ఒకే తీరుగా ఉన్న వేళ చూసుకుని, గాలి లేనప్పుడు, ఇంజను ఒకే వేగంలో పెట్టి ఒకే దారిన వెళ్ళి రా. జీపీఎస్ వెళ్ళేటప్పుడు 5.6, వచ్చేటప్పుడు 4.4 చూపిస్తే నిజం 5. లాగ్ 4.4 అంటుంటే దాన్ని సుమారు 1.14 రెట్లు పెంచి సెట్ చెయ్యి.

నోవా (అమెరికా ప్రభుత్వ సముద్ర, వాతావరణ సంస్థ) వాళ్ళ ప్రవాహాల పట్టికలో శనివారం నీరు ఎప్పుడు తిరుగుతుందో చూసుకుని బయలుదేరు. తొక్క సెకన్లు, ఫోన్ నాట్లు పక్కపక్కనే కాగితం మీద రాసి నాకు పంపు.

మామయ్య