ఎల్లోస్టోన్‌లో మునుపు మనుషులు లేరా?

ప్రశ్న: అమెరికాలో ఉంటున్న మా అమ్మాయి ఈమధ్య మమ్మల్ని ఎల్లోస్టోన్ జాతీయ పార్కుకు తీసుకువెళ్లింది. వేడినీటి బుగ్గలంటే భయంతో ఆదివాసులు పూర్వం ఆ అడవిలో అడుగే పెట్టలేదని మాతో వచ్చినవారొకరు చెప్పారు. ఇది నిజమేనా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: నిజం కాదు. ఆ ప్రాంతంలో మనుషులు కనీసం 11 వేల ఏళ్లుగా సంచరిస్తున్నారని అక్కడ దొరికిన రాతి పనిముట్లు చెబుతున్నాయి. మీరు పార్కులోని మామత్ అనే చోటు నుంచి నోరిస్ అనే చోటు వైపు వెళ్లి ఉంటే, దారి పక్కనే అబ్సిడియన్ క్లిఫ్ అనే నల్లని కొండచరియను చూసే ఉంటారు. లావా చల్లారి గాజులా గట్టిపడిన ఆ రాయిని పగలగొడితే అంచు ఎంతో పదునుగా వస్తుంది కనుక, బాణాల ములుకులకూ కత్తులకూ వేల ఏళ్లపాటు దాన్ని తవ్వి తీశారు. రెండు వేల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న ఒహాయో రాష్ట్రంలో, సుమారు 2 వేల ఏళ్ల నాటి మట్టిదిబ్బల్లో బయటపడిన పనిముట్లలో ఈ చరియ రాయి ఉందని రసాయన పరీక్షల్లో తేలింది. భయపడి దూరంగా తొలగిపోయినవారు చేసే పని కాదిది.

అక్కడ కాపురమున్నవారూ ఉన్నారు. షొషోనీ అనే ఆదివాసి తెగలో ఒక శాఖ అయిన తుకుదికాలు కొండ గొర్రెలను వేటాడుతూ ఆ ఎత్తుల్లోనే బతికారు. గొర్రె కొమ్ములను వేడిచేసి వంచి, జంతువుల నరాలు అతికించి వారు తయారుచేసిన విల్లులను ఇతర తెగలవారు ఎంతో విలువగా చూసేవారు.

1872 మార్చి 1న అధ్యక్షుడు యులిసిస్ గ్రాంట్ సంతకం చేసిన చట్టం ఈ నేలను ప్రజల విహారానికి కేటాయించి, అందులో స్థిరపడేవారిని అక్రమంగా చొరబడినవారుగా పరిగణించింది. అయిదేళ్లకు, 1877లో, సొంత నేల నుంచి తరిమివేతకు గురైన నెజ్ పర్స్ తెగవారు సుమారు 800 మంది, పిల్లాపాపలతో, సైన్యం వెంటాడుతుండగా ఈ పార్కు గుండానే సాగిపోయారు. దారిలో కొందరు యాత్రికులను పట్టుకున్నారు, ఇద్దరు యాత్రికులు ప్రాణాలు కోల్పోయారు. ఈ వార్తతో సందర్శకులు రావడం మానేస్తారన్న బెంగ పార్కు అధికారులకు పట్టుకుంది. మీరు విన్న కథను బాగా ప్రచారం చేసినవారిలో ఆనాటి సూపరింటెండెంట్ ఫైలీటస్ నోరిస్ ముఖ్యుడు. ఆదివాసులను పార్కు వెలుపలే ఉంచాలని పట్టుబట్టినవాడు కూడా ఆయనే. తుకుదికాలు చివరికి విండ్ రివర్, ఫోర్ట్ హాల్ వంటి రిజర్వేషన్లకు, అంటే ఆదివాసుల కోసం ప్రభుత్వం కేటాయించిన ప్రాంతాలకు, చేరవలసి వచ్చింది. మనుషులను ఖాళీ చేయించిన చోటును మొదటినుంచీ నిర్మానుష్యమని చెప్పడం ఆ జనానికి జరిగిన రెండో అన్యాయమని నేను భావిస్తాను.

ఈ నేలతో తమకు అనుబంధం ఉన్న 27 తెగలను పార్కు యంత్రాంగం నేడు అధికారికంగా గుర్తిస్తోంది. 1870 జనవరిలో కనీసం 173 మంది పీగన్ తెగ ఆదివాసులను, వారిలోనూ ఎక్కువగా స్త్రీలను, వృద్ధులను, పిల్లలను బలిగొన్న సైనిక దాడిలో పాల్గొన్న గుస్తావస్ డోన్ పేరు అక్కడి ఒక శిఖరానికి చాలాకాలం ఉండేది. 2022లో ఆ పేరు తీసేసి, ఆ శిఖరానికి ఫస్ట్ పీపుల్స్ మౌంటెన్ అని పెట్టారు.