వైఫై వస్తోంది, బ్లూటూత్ రావట్లేదా? డ్రైవర్ కంటే ముందు వైరు చూడండి

వనపర్తి నుంచి అడిగిన తమ్ముడికి. డెస్క్‌టాప్‌లో ఇంటెల్ చిప్ ఉన్న వైర్‌లెస్ కార్డు వేశారు. వైఫై బాగానే వస్తోంది, బ్లూటూత్‌కు మాత్రం డివైస్ మేనేజర్‌లో (విండోస్‌లో పరికరాల జాబితా కనిపించే చోటు) పసుపు గుర్తు, కోడ్ 43 (పరికరంలో తేడా ఉందని విండోస్ దాన్ని ఆపేసిందని). డ్రైవర్ (పరికరాన్ని విండోస్‌తో నడిపించే సాఫ్ట్‌వేర్) మూడుసార్లు వేసినా అదే ఎర్రర్, ఇక విండోస్ మళ్లీ వేయించాలా అని అడిగారు. ఇప్పుడే వద్దు. నేను ఆ పని చేసి ఒక రోజంతా పోగొట్టుకున్నాను.

మాది మిర్యాలగూడ. రైస్ మిల్లులో కాటా గది లెక్కలు నేనే చూస్తాను. యాసంగి వడ్లు దిగుతున్న రోజుల్లో, గేటు బయట ట్రాక్టర్లు వరసకట్టి ఉండగా కరెంటు పోయి వచ్చింది. సిస్టమ్ ఆన్ చేస్తే కీబోర్డు, మౌసు రెండూ పలకలేదు. రెండూ బ్లూటూత్‌వే. పక్క గదిలో ఉన్న వైరు మౌసు తెచ్చి పెట్టి చూస్తే, సెట్టింగ్స్‌లో బ్లూటూత్ బటనే లేదు. తెలిసిన షాపులో అడిగితే "డ్రైవర్ కరప్ట్ అయిందన్నా, విండోస్ కొట్టాలి" అన్నారు. సరే అన్నాను. సాయంత్రానికి విండోస్ కొత్తది, ఎర్రర్ పాతదే. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, ప్రింటర్ అన్నీ మళ్లీ పెట్టుకునేసరికి రాత్రి పది దాటింది. ఆ రోజు రైతులకు చేత్తో రాసిన చీటీలే ఇచ్చాం.

అసలు సంగతి తర్వాత తెలిసింది. కార్డు ఒకటే అయినా లోపల దారులు రెండు. వైఫై పీసీఐఈ స్లాట్ (మదర్‌బోర్డు మీద కార్డు గుచ్చే చోటు) ద్వారా నడుస్తుంది. బ్లూటూత్ యూఎస్‌బీ ద్వారా నడుస్తుంది. అందుకే కార్డుతో పాటు ఒక సన్న వైరు ఇస్తారు, దాన్ని మదర్‌బోర్డు మీద తొమ్మిది పిన్నుల యూఎస్‌బీ 2.0 హెడర్‌కు (వైరు గుచ్చే పిన్నుల వరసకు) పెట్టాలి. ఆ వైరు వదులైతే వైఫై నిక్షేపంగా పనిచేస్తుంది, బ్లూటూత్ ఒక్కటే పోతుంది. దాంతో మనం డ్రైవర్ మీద అనుమానపడతాం.

మీది ఏ రకం తప్పో ఇలా తెలుసుకోండి. డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు ఉన్నదాని మీద డబుల్ క్లిక్ చేసి, డీటెయిల్స్‌లో హార్డ్‌వేర్ ఐడీస్ చూడండి. అక్కడ వీఐడీ (తయారీ కంపెనీ నంబరు) 0000, పీఐడీ (పరికరం నంబరు) 0002 అని ఉంటే, చిప్ తన పేరు కూడా సిస్టమ్‌కు చెప్పుకోలేకపోతోందని అర్థం. అప్పుడు ఏ డ్రైవర్ వేసినా లాభం లేదు. నాకు కనిపించింది ఇదే. వీఐడీ 8087 అని ఉంటే అది ఇంటెల్ నంబరు, అంటే చిప్ పలుకుతోంది. అప్పుడు డ్రైవర్ సంగతి చూడాలి.

సున్నాలు కనిపిస్తే ముందు కరెంటు పూర్తిగా తీసేయండి. రీస్టార్ట్ సరిపోదు. షట్‌డౌన్ చేసినా చాలా బోర్డుల్లో యూఎస్‌బీకి స్టాండ్‌బై కరెంటు అందుతూనే ఉంటుంది, చిప్ ఆ మొండికేసిన స్థితిలోనే ఉండిపోతుంది. షట్‌డౌన్ చేసి, ప్లగ్ పీకి, పవర్ బటన్ అర నిమిషం నొక్కి పట్టుకోండి. ఐదు నిమిషాలాగి ఆన్ చేయండి. చాలాసార్లు ఇక్కడితోనే తేలిపోతుంది.

నాకు తేలలేదు. మళ్లీ ప్లగ్ తీసి క్యాబినెట్ విప్పితే, అడుగున ఊక దుమ్ము వేలు మందాన పేరుకుని ఉంది. ఆ సన్న వైరు కనెక్టర్ ఒక పక్క పైకి లేచి, సగం పిన్నుల మీద వాలి ఉంది. మిల్లు నడిచినంతసేపు ఆ గది నేల అదురుతూనే ఉంటుంది, అలా మెల్లగా వదులైనట్టుంది. మెత్తని బ్రష్‌తో దుమ్ము దులిపి, కనెక్టర్ సరిగ్గా నొక్కి, కదలకుండా కేబుల్ టై వేశాను. ఆన్ చేయగానే బ్లూటూత్ బటన్ వచ్చింది. మీరు పెట్టేటప్పుడు ఒక జాగ్రత్త: ఆడియో హెడర్ కూడా తొమ్మిది పిన్నులే, ఖాళీ పిన్ను చోటు మాత్రం వేరు. బోర్డు మీద యూఎస్‌బీ అని రాసి ఉన్నదానికే పెట్టండి, బలవంతంగా మాత్రం దూర్చొద్దు.

8087 కనిపించి కోడ్ 10 (పరికరం మొదలవ్వట్లేదని) వస్తుంటే, బ్లూటూత్ డివైస్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డ్రైవర్‌ను కూడా తొలగించమనే టిక్ పెట్టండి. తర్వాత ఇంటెల్ సైట్ నుంచి బ్లూటూత్ ప్యాకేజీ తెచ్చి వేయండి. వైఫై ప్యాకేజీ వేరు, బ్లూటూత్‌ది వేరు. చాలామంది వైఫైది వేసి డ్రైవర్ వేశామనుకుంటారు. విండోస్ అప్‌డేట్ తర్వాతే తేడా మొదలైతే, పాత డ్రైవర్‌కు వెనక్కి వెళ్లే రోల్ బ్యాక్ బటన్ నొక్కేందుకు వీలుంటే ముందు అదే చేయండి. పనిచేస్తూ మధ్యలో మాయమవుతుంటే, పవర్ మేనేజ్‌మెంట్‌లో కరెంటు ఆదా కోసం డివైస్‌ను ఆపే టిక్ తీసేయండి.

వెనక యాంటెన్నాలు బిగించారా? క్యాబినెట్ రేకు అడ్డం కాబట్టి, అవి లేకపోతే బ్లూటూత్ బారెడు దూరం కూడా సరిగా అందదు.

ఇవన్నీ చేసినా సున్నాలే కనిపిస్తే వైరు మరో యూఎస్‌బీ హెడర్‌కు మార్చి చూడండి. అప్పుడూ రాకపోతే చిప్ పోయి ఉండొచ్చు. వైఫై బాగుంది కాబట్టి కార్డు మార్చకుండా యూఎస్‌బీకి గుచ్చే చిన్న బ్లూటూత్ డాంగిల్ పెట్టుకోండి, పాత బ్లూటూత్‌ను డివైస్ మేనేజర్‌లో డిసేబుల్ చేయండి. విండోస్ ఒకసారి ఒక్క బ్లూటూత్‌నే నడుపుతుంది.

ముందు ఆ ఐడీ చూసి ఇక్కడే రాయండి తమ్ముడూ. 0000 ఉందా, 8087 ఉందా?