ఏడుపొచ్చే పిల్ల నర్సు కాలేదా?

ప్రశ్న: మా అమ్మాయికి పదిహేడేళ్లు. నర్సింగ్ చదవాలని చిన్నప్పటి నుంచీ కోరిక. మార్కులకు లోటు లేదు. కానీ మరీ సున్నితం. ఎవరైనా బాధపడుతుంటే చాలు, దీనికి కళ్లలో నీళ్లు తిరుగుతాయి. టీచర్ ఒక మాటంటే రెండు రోజులు మనిషి కాదు. ఈమధ్య ఆన్‌లైన్‌లో ఏదో ఈక్యూ టెస్ట్ (ఎమోషనల్ ఇంటెలిజెన్స్‌ను కొలిచే పరీక్ష) రాస్తే ‘తక్కువ’ అని వచ్చిందట. అప్పట్నుంచి ‘నేను నర్సుగా పనికిరానేమో’ అంటోంది. మనుషులతో గొడవ ఉండదు కదా అని వాళ్ల నాన్న కంప్యూటర్ కోర్సులో చేర్పిద్దామంటున్నారు. ఎమోషనల్ ఇంటెలిజెన్స్ పెంచే సర్టిఫికెట్ కోర్సు ఏదైనా చేయిస్తే ప్రయోజనం ఉంటుందా? – ఒక తల్లి

జవాబు: ముందు ఆ టెస్ట్ సంగతి తేల్చేద్దాం. ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరికే ఈక్యూ టెస్టుల్లో చాలావరకు ‘నువ్వు ప్రశాంతంగా ఉంటావా? ఎదుటివాళ్ల మనసు నీకు తెలుస్తుందా?’ అని మనల్నే అడుగుతాయి. మన గురించి మనం ఏమనుకుంటున్నామో అదే స్కోరై కూర్చుంటుంది. తన మీద తనకు నమ్మకం తక్కువున్న పిల్ల మార్కులు తగ్గించి వేసుకుంటుంది, తనంతటివాడు లేడనుకునేవాడు దండిగా వేసుకుంటాడు. ‘ఈత వచ్చా?’ అని అడిగి, వచ్చన్నవాడి మెడలో పతకం వేసినట్టు. నిపుణులు వాడే పరీక్షలు వేరు. ఎంఎస్‌సీఈఐటీ అనేదాంట్లో ముఖాల ఫొటోలు చూపించి, ఇందులో ఏ భావం ఎంత ఉందో చెప్పమంటారు. అలాంటి పరీక్ష రాసినా, ఆ ఒక్క స్కోరు పట్టుకుని ఫలానా వృత్తికి పనికిరావని నేనైతే ఎవరికీ చెప్పను. కాబట్టి ఆ ‘తక్కువ’ను మర్చిపొమ్మనండి.

ఇక అసలు విషయం. పీటర్ సలోవే, జాన్ మేయర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1990లో ఎమోషనల్ ఇంటెలిజెన్స్ మీద ఒక వ్యాసం రాశారు. తర్వాత 1997లో దాన్ని నాలుగు నేర్పులుగా విడదీశారు: భావాలను గుర్తించడం, ఆలోచనకు వాటిని వాడుకోవడం, అవి ఎందుకొచ్చాయో ఎటు పోతాయో అర్థం చేసుకోవడం, వాటిని సంభాళించుకోవడం. ఈ నాలుగింటిలో ‘ఏడవకపోవడం’ ఎక్కడా లేదు. మంచితనం, నెమ్మదితనం కూడా లేవు. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే మీ అమ్మాయికి మొదటిది బాగానే ఉంది, ఎదుటివాళ్ల బాధ ఇట్టే పట్టేస్తోంది. సాధన కావలసింది నాలుగోదానికి.

నేను చూసిన ఒక సంఘటన చెప్తాను. ఒక రాత్రి మా బంధువుకు తోడుగా ఆసుపత్రిలో ఉన్నాను. ఒకాయన నర్సుల కౌంటర్ దగ్గరికొచ్చి, ‘ఎంతసేపండీ! అడిగితే చెప్పేవాళ్లే లేరా?’ అని కేకలు మొదలుపెట్టాడు. అక్కడున్న నర్సు రాస్తున్న పెన్ను పక్కన పెట్టి, లేచి, కౌంటర్ చుట్టూ తిరిగి ఆయన దగ్గరికి వచ్చింది. ‘మీ నాన్నగారికి ఏమవుతుందోనని భయంగా ఉంది కదా సార్. రిపోర్టు ఇంకా రాలేదు. వచ్చినా రాకపోయినా పావుగంటలో నేనే వచ్చి చెప్తాను’ అంది. ఆయన ఇంకో మాట అనబోయి కూర్చుండిపోయాడు. పావుగంటకు ఆమె వచ్చింది. రిపోర్టు రాలేదు, ఆ మాటే చెప్పింది. ఆయన తలూపాడు, అంతే. తర్వాత నీళ్లు పట్టుకుందామని వెళ్తే ఆమె అక్కడే నిలబడి సీసా మూత తీసుకుంటోంది. వేళ్లు వణుకుతున్నాయి.

ఆ వణుకు చూశాకే నాకు ఆమె మీద గౌరవం పెరిగింది. ఆమెకూ తగిలింది. తగిలినా ఎదుటివాడి కేక వెనకాల ఉన్నది కోపం కాదు, భయం అని పట్టుకుంది. తర్వాత ఏం జరుగుతుందో ముందుగా చెప్పింది. ఇది చిన్న విషయమనుకోకండి. అమెరికాలో 1997లో వచ్చిన ఒక అధ్యయనంలో, రోగులు ఎప్పుడూ కేసు వేయని ప్రాథమిక వైద్యులనూ, కేసులు ఎదుర్కొన్నవాళ్లనూ పోల్చి చూశారు. కేసుల్లేని డాక్టర్లు ‘ముందు ఇది చూస్తాను, తర్వాత మీరు అడగాలనుకున్నవి అడుగుదురుగాని’ లాంటి మాటలు ఎక్కువగా చెప్తున్నారట. ఒక్కో రోగితో గడిపిన సమయంలో తేడా సగటున మూడు నిమిషాలే.

కాబట్టి మీ అమ్మాయికి ఏడుపు వస్తుందా లేదా అని కాదు, వచ్చాక ఏం చేస్తుందో గమనించండి. బాధలో ఉన్న మనిషిని చూసి కళ్లనీళ్లు పెట్టుకుని బయటికి వెళ్లిపోయే వాళ్లుంటారు. అవే కళ్లనీళ్లతో పక్కన కూర్చుని ‘మంచినీళ్లు కావాలా?’ అని అడిగేవాళ్లూ ఉంటారు. మొదటివాళ్ల ధ్యాస తమ కలత మీద ఉంటుంది, రెండోవాళ్ల ధ్యాస మంచం మీదున్న మనిషి మీద. తను ఏ రకమో మీకిప్పటికే తెలిసి ఉండొచ్చు, ఇంట్లో ఎవరికైనా జ్వరం వచ్చినప్పుడు చూసే ఉంటారు కదా.

ఇంట్లో మీరిద్దరూ మానుకోవలసినది ఒకటుంది. ‘ఏడవకు, దీనికే ఏడిస్తే ఎలా’ అనడం. మనసులోది అణచుకుని మామూలుగా ఉన్నట్టు నటిస్తే ముఖం దాస్తుందే గానీ లోపలి బాధ తగ్గదు. పైగా ఆ సమయంలో ఎదుట జరుగుతున్నది సరిగా గుర్తుండదు కూడా. జేమ్స్ గ్రాస్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు ప్రయోగాల్లో చూసిన సంగతి ఇది. మందుల మోతాదు గుర్తుంచుకోవలసిన వృత్తిలో ఈ నటన ఎంత ప్రమాదమో ఆలోచించండి.

అణచుకోవడానికి బదులు, వచ్చిన భావానికి సరైన పేరు పెట్టడం నేర్పండి. 2007లో మెదడు స్కానింగ్‌తో చేసిన ఒక ప్రయోగంలో, భావానికి మాటల్లో పేరు పెట్టినప్పుడు మెదడులో అలజడికి స్పందించే ఎమిగ్డాలా అనే భాగం కాస్త నెమ్మదించింది. తెలుగులో ఇందుకు మాటలకేం కరువు? టీచర్ తిట్టిందని ముఖం ముడుచుకుని వస్తే ‘బాధేసింది’ దగ్గర ఆగిపోకండి. నలుగురిలో అన్నారని చిన్నబుచ్చుకుందా? చేయని తప్పుకు అన్నారని, ఎదురు చెప్పలేక ఉక్రోషమా? ఇక ఆవిడ తనను ఇష్టపడదేమోనని బెంగా? నిజంగానే తప్పు చేశానని సిగ్గా? ఉక్రోషమైతే మర్నాడు టీచర్‌తో విడిగా మాట్లాడాలి. సిగ్గయితే తప్పు దిద్దుకుంటే సరిపోతుంది. బెంగైతే చాలాసార్లు ఒక రాత్రి నిద్రతోనే పోతుంది. అన్నిటికీ ‘బాధ’ అనే ఒక్క పేరే పెడితే రెండు రోజులు మనిషి కాకుండా పోవడమే మిగులుతుంది.

ఇక మీవారి ఆలోచన. ఆయన మాటలో కొంత నిజముంది, కొట్టిపారేయను. రోజంతా మనుషుల భావాలతో వ్యవహరించే ఉద్యోగాల్లోనే ఈ నేర్పుకూ పనితీరుకూ సంబంధం ఎక్కువగా కనిపిస్తుందని, అలాంటి అవసరం తక్కువున్న పనుల్లో అంతగా కనిపించదని 2010లో ఎన్నో అధ్యయనాలను కలిపి విశ్లేషించి తేల్చారు. కానీ కంప్యూటర్ ముందు కూర్చుంటే మనుషులుండరన్నది పొరపాటు. రాసిన కోడ్‌ను సీనియర్ అందరి ముందూ తప్పుపడతాడు, క్లయింట్ కాల్‌లో విసుక్కుంటాడు. మాట పడలేకపోవడం ఒక్కటే కారణమైతే అక్కడా అదే టెన్షన్. తనకు ఇష్టమే లేని పని మధ్య ఆ మాటలు పడాలి, అదీ తేడా.

నర్సింగ్ తేలికని మాత్రం నేను చెప్పను. లోపల ఎలా ఉన్నా పైకి నెమ్మదిగా కనిపించడమే ఉద్యోగంలో భాగమైతే, దాన్నే భావోద్వేగ శ్రమ అంటారు. ఆర్లీ హోక్‌షీల్డ్ అనే సామాజిక శాస్త్రవేత్త 1983లో విమాన సిబ్బందిని పరిశీలించి దాని గురించి రాశారు. అది ఒంటి శ్రమలాగే మనిషిని అరగదీస్తుంది. నైట్ షిఫ్టులు, నిద్రలేమి తోడైతే మరీనూ. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల వర్గీకరణలో ‘బర్నౌట్’ను, అంటే పని ఒత్తిడితో మనిషి పూర్తిగా అలిసిపోవడాన్ని, పనికి సంబంధించిన పరిస్థితిగానే పేర్కొంది, మనిషి బలహీనతగా కాదు. నేను చూసినంతలో ఈ వృత్తి వదిలేసినవాళ్లు సున్నిత మనస్కులే అయి ఉండాలనేం లేదు. డ్యూటీ దిగాక ఆ రోజు సంగతి చెప్పుకోవడానికి ఎవరూ లేనివాళ్లు ఎక్కువ. ఆ ‘ఎవరో ఒకరు’ ఇప్పటి నుంచే మీరు కావచ్చు.

సర్టిఫికెట్ కోర్సు వద్దు, ఆ డబ్బు మిగుల్చుకోండి. ఇలాంటివి పిల్లలకు నేర్పవచ్చన్నది నిజమే. 2011లో ఇవి నేర్పే 213 బడి కార్యక్రమాలను, సుమారు 2,70,000 మంది విద్యార్థులను కలిపి చూస్తే ప్రవర్తనతో పాటు చదువు కూడా మెరుగైంది. కానీ బాగా పనిచేసినవి అడుగడుగునా సాధన చేయించినవి. నాలుగు వీడియోలు చూసి ఆఖర్న క్విజ్ రాస్తే ఇది రాదు.

దానికి బదులు, మీకు అందుబాటులో ఉన్న వృద్ధాశ్రమాన్నో, రోగులకు సేవచేసే సంస్థనో అడిగి, సెలవుల్లో నాలుగు వారాలు, వారానికి రెండు పూటలు తనను పంపండి. అన్నం తినిపించడం, పేపర్ చదివి వినిపించడం లాంటి పనులు చాలు. మీవారిని కూడా ఒకరోజు తోడు వెళ్లమనండి. ఇంటికొచ్చాక ‘ఏడ్చావా?’ అని అడగొద్దు. ‘ఏడుపొచ్చినప్పుడు ఏం చేశావ్? అప్పుడు వాళ్లేం చేశారు?’ అని అడగండి. తను చెప్పింది చెప్పినట్టు ఒక నోట్‌బుక్‌లో రాసిపెట్టండి, మీ మాట కలపకుండా. నాలుగు వారాలయ్యాక అవి నాకు పంపండి. నర్సింగా, ల్యాబ్ టెక్నాలజీ లాంటి వేరే ఆరోగ్య రంగం కోర్సా అన్నది అప్పుడు ముగ్గురూ కలిసి చూద్దురుగాని. దరఖాస్తుల గడువు ఈలోపే ముగిసేట్టుంటే నర్సింగ్‌కు అప్లై చేసి పెట్టమనండి, వద్దనుకుంటే తర్వాత మానుకోవచ్చు.