సందేహాలు – సమాధానాలు: కోడలికి అబ్బింది, మనవడికి అంటుకుందా?

సందేహం: మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. మా కోడలిది వరంగల్. పెళ్ళయి వచ్చిన కొత్తలో మా మాటలకు బిత్తరపోయేది. ఇప్పుడు ఫోనెత్తితే ‘ఆయ్’, ‘మరేనండి’ అంటోంది. ‘మన యాస అబ్బింది’ అని ఇంటిల్లిపాదీ మురిసిపోయాం. మొన్న మా మనవడు ఆత్రేయపురం పూతరేకు తిని ‘మంచిగుంది’ అన్నాడు. మా ఆడపడుచు ‘సావాస దోషం, తల్లి యాస అంటుకుంది’ అంది. ఇది దోషమేనా? ‘ఆరు నెలలు సావాసం చేస్తే...’ అనే సామెతలో ‘వారు వీరవుతారు’ అనాలా, ‘వీరు వారవుతారు’ అనాలా? ‘సావాసం’ అని రాయవచ్చా?

సమాధానం: అమ్మా, కోడలికి ‘అబ్బింది’ అన్నారు, మనవడికి ‘అంటుకుంది’ అన్నారు. ఇద్దరికీ జరిగింది ఒకటే. పక్కనున్నవాళ్ళ మాట రోజూ చెవిన పడి, తమకు తెలియకుండానే నోటికి వచ్చేసింది. తేడా అంతా చూసేవాళ్ళ మనసులో ఉంది, తెలుగు క్రియ దాన్ని దాచదు. చదువు అబ్బుతుంది, సంగీతం అబ్బుతుంది. అంటుకునేవి ఎక్కువగా మసి, మరక, గజ్జి, చెడు అలవాటు.

ఈ వాక్యాల కట్టు చూడండి. ‘కోడలు యాస నేర్చుకుంది’ అంటే కర్త కోడలు. ‘కోడలికి యాస అబ్బింది’ అంటే కర్త యాస, కోడలు ‘కి’ తగిలించుకుని పక్కకు జరిగింది. అలవాటైంది, అలవడింది, ఒంటబట్టింది, అన్నీ ఇదే దారి. మెల్లమెల్లగా మనలో చేరేవాటికి తెలుగువాళ్ళు మనిషిని కర్తగా నిలపలేదు. ‘ఆయ్’ అనమని మీ కోడలికి ఎవరూ పాఠం చెప్పలేదు కదా! వీటిలో నాకు బాగా నచ్చేది ‘ఒంటబట్టింది’. ఇక్కడ ‘ఒంట’ అంటే ఒంటిలో అని. కొందరు ‘వంటబట్టింది’ అంటారు గానీ, వంటతో దీనికి సంబంధం లేదు. ఏ పూట తిన్న తిండి ఒంటికి పట్టిందో ఎవరూ చెప్పలేరు. మాట తీరూ, మర్యాదా, ఇష్టాయిష్టాలూ అంతే.

‘సావాస దోషం’ పంచమీ తత్పురుష: సావాసం వల్ల వచ్చిన దోషం. సంస్కృతంలో ‘సంసర్గజా దోషగుణా భవంతి’ అన్నారు. దోషాలూ గుణాలూ రెండూ సాంగత్యం వల్ల పుట్టేవేనని దానర్థం. మన వాడుకలో దోషం నిలిచింది, గుణం జారిపోయింది.

మీ మనవడి మాటలో తప్పేమీ లేదు. బాగు, ఉంది కలిసి ‘బాగుంది’ అయినట్టే, ‘మంచిగా ఉంది’ కాస్తా ‘మంచిగుంది’ అయింది. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు తెలుగును నాలుగు మాండలికాలుగా చూపారు. గోదావరి జిల్లాలు మధ్య మాండలికంలోకి, తెలంగాణ ఉత్తర మాండలికంలోకి వస్తాయి. ఆ విభజనలో హెచ్చుతగ్గుల లెక్క లేదు. కృష్ణా గోదావరి ప్రాంతంలో చదువుకున్నవాళ్ళ భాష పాఠ్యపుస్తకాల్లోకీ పత్రికల్లోకీ ఎక్కువగా ఎక్కింది. దాంతో వేరేగా వినిపించినదల్లా తప్పన్న భావం మనలో పాతుకుపోయింది.

ఆ భావమూ సావాసం వల్ల వచ్చిందే. నా దిగులంతా దాని గురించే. పిల్లవాడు ‘మంచిగుంది’ అన్నప్పుడల్లా ఇంట్లో ఎవరో ఒకరు నవ్వితే, ముందు వాడు ఆ మాట మానేస్తాడు. తర్వాత అమ్మమ్మగారింట్లో నోరు విప్పడానికి మొహమాటపడతాడు. కొన్నాళ్ళకు తల్లి మాట్లాడుతుంటే తనే నవ్వుతాడు. ఆ చిన్నచూపు వాడికి ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు, ఒంటబడుతుంది. మీ ఆడపడుచు గారితో ఈ సంగతి నెమ్మదిగా మాట్లాడండి.

ఇక సామెత. ‘ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారు’ అన్నదే స్థిరపడిన రూపం. ‘వారు’ దూరాన ఉన్నవాళ్ళు, ‘వీరు’ దగ్గరున్నవాళ్ళు. పరాయివాళ్ళు మనవాళ్ళతో కలిసిపోతారని భావం. ‘వీరు వారవుతారు’ అన్నా వ్యాకరణం ఒప్పుకుంటుంది గానీ, దగ్గరివాళ్ళు దూరమైనట్టు ధ్వనిస్తుంది.

‘సావాసం’ నిక్షేపంగా రాయవచ్చు. సహాయం ‘సాయం’ అయింది, వ్యవహారం ‘యవ్వారం’ అయింది. అలాగే అచ్చుల మధ్య హకారం జారిపోయి సహవాసం ‘సావాసం’ అయింది. ‘సాయం’ అని పత్రికలు రోజూ అచ్చు వేస్తుంటే లేని అభ్యంతరం దీనికెందుకు? మీ వైపు స్నేహితుణ్ణి ‘సావాసగాడు’ అంటారు, దాన్ని దిద్దనక్కర్లేదు. పరీక్షలో మార్కులు పోతాయని పిల్లలకు టెన్షన్ ఉంటే, అక్కడ మటుకు ‘సహవాసం’ అని రాయమనండి.