రెండు డిస్కులూ ఒకేసారి పీకేయకండి

మీరడిగింది నాకర్థమైనంతలో ఇదీ: ఇంట్లో రెండు బేల (డిస్కు పెట్టే అరల) నాస్ డబ్బా, అంటే ఇంట్లో అందరి ఫైళ్లూ నెట్‌వర్క్‌లో దాచుకునే డబ్బా, ఉంది. అందులో రెండు 2 టీబీ డిస్కులు, రెండింట్లోనూ ఒకే నకలు ఉండేలా, మిర్రర్‌లో నడుస్తున్నాయి. ఒకదానికి హెచ్చరిక వచ్చింది. చోటు కూడా చాలట్లేదు గనక రెండూ తీసేసి 4 టీబీవి పెట్టేస్తే పాత ఫోటోలు ఉంటాయా అని.

ఉండవండీ. రెండూ ఒకేసారి తీస్తే మీ చేతిలో మిగిలేది ఖాళీ డబ్బా. ముందు పాడైన దాన్ని మార్చాలి. మిగిలిన పాత డిస్కు నుంచి కొత్తదానికి మొత్తం ఎక్కాక, అప్పుడు రెండోది.

వినడానికి ఇంతే. మూడేళ్ల కిందట నా నిర్వాకం చెప్తాను, ఎక్కడ తప్పుతుందో తెలుస్తుంది. ఆదివారం పొద్దున్నే డబ్బా ఆపి, ఎలాగూ తెరిచాం కదాని రెండు ట్రేలూ బయటికి లాగి, పేపర్ పరిచి, పాత టూత్‌బ్రష్‌తో దుమ్ము దులిపాను. ఇంతలో ఫోనొచ్చింది. మాట్లాడి వచ్చేసరికి ఏది ఏ వైపుదో గుర్తులేదు, రెండూ ఒకే కంపెనీ, ఒకే మోడల్, ఒకే రంగు లేబుల్. "ఇదే ఎడమవైపుది, పాడైంది" అని ధీమాగా ఒకటి తీసి కొత్తది బిగించాను. ఆన్ చేశాను, డబ్బా కుయ్ కుయ్‌మంది, రిపేర్ (పాతదాంట్లోది కొత్తదానికి ఎక్కించే పని) నొక్కాను. 71 శాతం దగ్గర ఆగిపోయింది. ఎందుకంటే నేను పీకింది మంచి డిస్కుని. చావుబతుకుల్లో ఉన్నదాన్నుంచి కొత్తదానికి కాపీ చేయమని కూర్చోబెట్టాను! అదృష్టం, పీకిన డిస్కును అలాగే ఉంచాను. అన్నీ ఆపేసి, అదొక్కటే పెట్టి ఆన్ చేస్తే ఫోటోలన్నీ కనిపించాయి. ఆ పది నిమిషాల్లో మా ఆవిడకి ఏం చెప్పాలా అని నేను అల్లిన కథలు ఇక్కడ రాయలేను.

కాబట్టి డబ్బా ఆపకముందే నాస్ సెట్టింగుల్లో స్టోరేజ్ పేజీ తెరిచి, హెచ్చరిక ఉన్న డిస్కు సీరియల్ నంబరు కాగితం మీద రాసుకోండి. ట్రే లాగాక లేబుల్ మీది నంబరుతో ఒక్కో అక్షరం సరిచూసుకోండి. ఎడమ, కుడి, ఒకటి, రెండు అనేవి నమ్మొద్దు. నేనిప్పుడు ప్రతి ట్రే ముందు చిన్న ప్లాస్టర్ ముక్క అంటించి చివరి నాలుగు అంకెలు మార్కర్‌తో రాశాను. చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది, పర్లేదు.

అదే పేజీలో స్మార్ట్ వివరాలు, అంటే డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలు, ఉంటాయి. 5, 197, 198 వరుసలు చూడండి. 5 అంటే పాడైన చోట్లను పక్కనపెట్టి వేరే చోటికి మార్చిన లెక్క, 197 అంటే చదవలేక తేల్చకుండా ఉంచిన చోట్ల లెక్క, 198 అంటే పరీక్షలో చదవడం కుదరదని తేలిన చోట్ల లెక్క. 197, 198 సున్నా దాటి పెరుగుతుంటే ఆలస్యం చేయకండి. 199 (డిస్కుకీ డబ్బాకీ మధ్య డేటా వెళ్లేటప్పుడు వచ్చిన తప్పుల లెక్క) ఒక్కటే పెరిగితే మాత్రం డిస్కు బాగానే ఉండొచ్చు, ట్రే సరిగ్గా కూర్చోక వచ్చిన గొడవ కావచ్చు. ఈ అంకెలు రెండో డిస్కుకి కూడా చూడండి. రెండూ ఒకే రోజు కొన్నవైతే వయసూ ఒకటే. రిపేర్ అంటే ఆ పాతదాన్ని మొదటి నుంచి చివరిదాకా ఏకబిగిన చదివించడం. మూలుగుతూ నడిచేది సరిగ్గా అప్పుడే కూలబడుతుంది. అందుకే ముందు ఒక యూఎస్‌బీ డిస్కు కొనైనా, అరువు తెచ్చుకునైనా ముఖ్యమైనవి దాంట్లోకి ఎక్కించుకోండి. మిర్రర్ బ్యాకప్ కాదు. ఒక ఫోల్డర్ పొరపాటున చెరిపేస్తే రెండు డిస్కుల్లోనూ ఒకేసారి పోతుంది.

కొత్త డిస్కు కొనేటప్పుడు అది సీఎమ్‌ఆరా, ఎస్‌ఎమ్‌ఆరా అన్నది అడగండి. డిస్కు మీద డేటా రాసే వరసల్ని ట్రాకులంటారు, సీఎమ్‌ఆర్‌లో అవి పక్కపక్కనే ఉంటాయి. ఎస్‌ఎమ్‌ఆర్‌లో ట్రాకులు పెంకుటింటి పెంకుల్లా ఒకదానిమీద ఒకటి ఉంటాయి. కిందిది మార్చాలంటే పైవాటినీ కదపాలి. మామూలు వాడకంలో తెలియదు గానీ, రిపేర్‌లో గంటల పని రోజులకు సాగొచ్చు. డబ్ల్యూడీలో అయితే ఉత్త రెడ్ కాకుండా రెడ్ ప్లస్, సీగేట్‌లో ఐరన్‌వుల్ఫ్ తీసుకుంటే ఈ బెంగ లేదు. షాపతను "అన్నీ ఒకటే సార్" అంటాడు. ఒకటి కాదు.

కరెంటు సంగతి. ఇన్వర్టర్ ఉంది కదా అని నేనూ అనుకున్నాను. మాదాంట్లో వెనకాల ఒక స్విచ్ ఉంది, అది యూపీఎస్ వైపు లేకపోతే కరెంటు పోయినప్పుడు బ్యాటరీకి మారేలోపు నాస్ ఒకసారి ఆరి మళ్లీ వెలుగుతుంది. మీదాన్నీ చూసుకోండి. లైన్ పని ఉందని చెప్పిన రోజు మాత్రం ఈ పని పెట్టుకోకండి. నాకు 2 టీబీ రిపేర్‌కి రాత్రి తొమ్మిదింటి నుంచి తెల్లవారుజాము నాలుగు దాకా పట్టింది. ఎండాకాలమైతే డబ్బాని చెక్క అల్మరాలోంచి బయటికి తీయండి, మాది మే నెలలో 52 డిగ్రీలు చూపించింది.

మొదటి 4 టీబీ డిస్కు ఎక్కాక కూడా చోటు 2 టీబీ దగ్గరే ఉంటుంది, కంగారుపడకండి. రెండోదీ మార్చి, దాని రిపేర్ కూడా అయ్యాకే పెరుగుతుంది. కొన్ని డబ్బాల్లో మనమే ఎక్స్‌పాండ్ నొక్కాలి. అప్పుడూ 3.6 అనే చూపిస్తుంది. కంపెనీ 4 లక్షల కోట్ల బైట్లని 4 టీబీ అంటుంది, డబ్బా కేబీ, ఎంబీ అంటూ ఎక్కే ప్రతి మెట్టుకీ 1000 బదులు 1024తో లెక్కేస్తుంది, మోసమేం లేదు.

తీసిన పాత డిస్కులను నెలరోజులు చెరపకండి, అమ్మకండి. ఆ రెండో డిస్కులో ఆ రోజు వరకూ ఉన్నదంతా ఉంటుంది. నాది ఇప్పటికీ అత్తగారింట్లో బీరువాలో, పట్టుచీరల కింద ఉంది.

ముందు రెండు డిస్కులవీ 197 అంకెలు, డబ్బా మోడలూ ఇక్కడ రాయండి. రెండోదానికీ సున్నా కాకపోతే పద్ధతి మార్చాలి.